ఆయన ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: మాది హైదరాబాద్, షాపూర్‌నగర్. నా వయసు 29. ఇంటర్ చదివి ఇంట్లోనే ఉంటున్నాను. మా ఆయన ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యారు, కానీ ఎనిమిదేళ్లుగా జీడిమెట్లలో ఒక కంపెనీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గానే ఉన్నారు. పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 15 వేలు వస్తాయి. అద్దె 6 వేలు. బాబు రెండో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు షుగర్, కిడ్నీ సమస్య. నెలలో 20వ తేదీ దాటితే అప్పే. వేరే పని చూసుకోమంటే 'చూద్దాంలే' అంటారు. గట్టిగా అడిగితే రెండు రోజులు మాట్లాడరు. మా అన్నయ్య దుబాయ్ పంపిస్తానంటున్నాడు, ఏజెంటుకు లక్షన్నర కట్టాలట. నా పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికైనా సిద్ధమే. ఈయనలోనే చలనం లేదు. ఇలాంటి మనిషితో ఎలా బతకాలి?

జవాబు: అమ్మా, అద్దె పోగా మిగిలిన 9 వేలతో నలుగురు నెలంతా గడపడం ఎవరికైనా కష్టమే. అప్పు చేయాల్సి రావడం మీ తప్పు కాదు. ఆ డబ్బు చాలదు, అంతే.

మీరు ఆయన్ను బద్ధకస్తుడు అనుకుంటున్నట్టున్నారు. ఎనిమిదేళ్లుగా ఫ్యాక్టరీ పని చేస్తున్న మనిషి గురించి నాకు అలా అనిపించడం లేదు. మీ ఉత్తరంలో ఈఎస్ఐ మాట, అత్తమ్మ కిడ్నీ మాట రెండూ ఉన్నాయి. ఆమె పరీక్షలు, మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలోనో సనత్‌నగర్ ఆసుపత్రిలోనో జరుగుతుంటే, 'ఈ పని వదిలితే అమ్మ వైద్యం ఏం కావాలి' అన్న భయం ఆయనకు ఉండే అవకాశం చాలా ఉంది. ఇలాంటి భయాన్ని చాలామంది మగవాళ్లు పైకి చెప్పరు. చెబితే భార్య దగ్గర చులకన అవుతామనుకుని మౌనంగా ఉండిపోతారు. అత్తమ్మ ఎదుట కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు నెమ్మదిగా అడగండి: 'పని మారితే మనకు ఏం పోతుందని నీ టెన్షన్?'

ఆయన చెప్పేది అదే అయితే దానికి దారి ఉంది. ఈఎస్ఐ ఆ కాంట్రాక్టర్ సొత్తు కాదు. జీతం నెలకు 21 వేలు దాటనంత వరకు, ఈఎస్ఐ వర్తించే ఏ సంస్థలో చేరినా పాత ఇన్సూరెన్స్ నంబరే కొనసాగుతుంది. చేరిన తర్వాత జీతం పెరిగి 21 వేలు దాటినా, నడుస్తున్న ఆరు నెలలు, అంటే సెప్టెంబర్ చివరిదాకానో మార్చి చివరిదాకానో, వైద్యం ఆగదు. ఆ తర్వాతి అవసరానికి రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ ఉంది. దాని పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. నెలనెలా వేసుకునే షుగర్ మాత్రలు బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. అయినా మీ ఇంటి పరిస్థితికి, 22 వేలు చేతికిచ్చి ఏమీ కట్టని చోటు కంటే 19 వేలిచ్చి పీఎఫ్, ఈఎస్ఐ రెండూ కట్టే చోటే మేలని నేనంటాను. కొత్త పని చేతికొచ్చాకే పాతది మానాలి. మధ్యలో ఖాళీ రానివ్వొద్దు.

ఇక పని సంగతి. చేతిలో ఐటీఐ సర్టిఫికెట్ ఉండి హెల్పర్ జీతంతో ఉండిపోవడం బాధగానే ఉంది. ఆ చదువు చదివి చాలా కాలమైంది కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లాలంటే ఆయనకు బెరుకు ఉండవచ్చు. ముందు అదే కంపెనీలో మెయింటెనెన్స్ వాళ్లను అడిగి, వాళ్ల వెంట కొంత పని చేయమనండి. చెయ్యి మళ్లీ అలవాటవుతుంది. మీకు దగ్గర్లో బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, సాంకేతిక పనుల్లో శిక్షణ ఇచ్చే 1968 నాటి కేంద్ర ప్రభుత్వ సంస్థ. విద్యానగర్, రామంతాపూర్‌లలో ఎన్‌ఎస్‌టీఐలు, అంటే కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థలు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్ కేంద్రాల్లో ఏసీ, ఫ్రిజ్ రిపేరు నేర్పుతారు. నన్నడిగితే ముందు ఏసీ పని నేర్చుకోమంటాను. ఈ ఊళ్లో ఏసీ లేని ఆసుపత్రి గానీ ఆఫీసు గానీ ఎక్కడుంది? ఇళ్ల మీద సోలార్ బిగించే పని కూడా పెరుగుతోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి 78 వేల వరకు సబ్సిడీ ఇస్తున్నారు మరి. దీనితో పాటు ప్రభుత్వ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మ్యాన్ పర్మిట్ కూడా తెచ్చుకుంటే, బయట వైరింగ్ పనులు పట్టుకోవడానికి ధైర్యం వస్తుంది.

పని మారేటప్పుడు ఇల్లు గడవడం లేదని పీఎఫ్ మొత్తం తీసేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, కొత్త సంస్థకు బదిలీ చేయించుకోండి. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పింఛనుకు అర్హత వస్తుంది. ఆయనకు ఇప్పటికే ఎనిమిదేళ్లు అయ్యాయి. కాంట్రాక్టర్ నెలనెలా జమ చేస్తున్నాడో లేదో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. ఈ పని మీరే చేయగలరు.

మీ గురించి కూడా ఆలోచించండి. అత్తమ్మను చూసుకుంటూ బయటికి వెళ్లడం అంత తేలిక కాదని తెలుసు. కానీ బాబు బడికి వెళ్లే వేళల్లో మందుల షాపులోనో క్లినిక్‌లోనో పని దొరికి, అందులో అద్దె వరకు వచ్చినా ఆయన మీద సగం బరువు తగ్గుతుంది. మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు ఛార్జీ ఉండదు.

దుబాయ్ విషయంలో మాత్రం కచ్చితంగా చెబుతున్నాను, పుస్తెలతాడు తాకట్టు పెట్టొద్దు. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. లక్షన్నర అడుగుతున్నాడంటేనే అనుమానించాలి. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరొచ్చంటే అసలు నమ్మొద్దు. అక్కడ పట్టుబడితే అడిగేవాళ్లుండరు. నిజంగా గల్ఫ్ వెళ్లాలనే నిర్ణయానికి వస్తే విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. అక్కడ ఎలక్ట్రీషియన్ ఖాళీలు ఉన్నాయేమో అడగండి. ఈలోగా మీ అన్నయ్యకు ఫోన్ చేసి, ఆ ఏజెంటుకు అడ్వాన్సు గానీ పాస్‌పోర్టు గానీ ఇవ్వొద్దని చెప్పండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీ దంపతులిద్దరూ కలిసి చూడండి.