జింకకు బాణం ఎందుకు సగమే దిగింది?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. మా తమ్ముడు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ కోర్సు పూర్తిచేసి, లైసెన్సు తీసుకుని, కప్పీలున్న కాంపౌండ్ విల్లుతో జింకల వేటకు పోతున్నాడు. పోయిన సీజన్లో ఒక వైట్‌టెయిల్ జింకకు బాణం తగిలిందంట, కానీ సగమే దిగింది. అది పొదల్లోకి పారిపోయింది, రాత్రంతా టార్చి పట్టుకుని వెతికినా దొరకలేదు. చాలా రోజులు మనసు బాగాలేక సరిగా తినలేదు వాడు. ఇప్పుడు నారి లాగడానికి 60 పౌండ్ల బలం పట్టే విల్లు తీసేసి 70 పౌండ్లది కొంటానంటున్నాడు. కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వైట్‌టెయిల్‌కి ఆ 60 పౌండ్ల విల్లే కావలసినదానికంటే ఎక్కువ. లెక్క వేసి చూడండి. అక్కడ బాణం బరువు గ్రెయిన్లలో చెబుతారు, 400 గ్రెయిన్లంటే సుమారు 26 గ్రాములు. ఆ బాణం సెకనుకు 260 అడుగుల వేగంతో పోతే దాని శక్తి 60 ఫుట్-పౌండ్లు. బాణాలు తయారుచేసే ఈస్టన్ కంపెనీ పేరుతో ఎప్పట్నుంచో చలామణిలో ఉన్న పట్టికలో జింక స్థాయి జంతువుకు 25 నుంచి 41 ఫుట్-పౌండ్లు అని ఉంటుంది. అంటే మీ తమ్ముడి విల్లులో లోపం లేదు, ఇంకో పది పౌండ్ల కోసం డబ్బు పోయొద్దని చెప్పండి.

మరి ఎందుకు ఆగింది? నాకు మొదటి అనుమానం జబ్బ ఎముక మీద. ముందు కాలి పైన వెడల్పాటి ఎముక ఒకటి ఉంటుంది, దాని కింద కాలి ఎముక ఇంకా మందం. గుండె, ఊపిరితిత్తులు ఆ జబ్బకు కాస్త వెనకగా, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఉంటాయి, మొత్తం చోటు 8 నుంచి 10 అంగుళాల వెడల్పుంటుంది, అంతే. అక్కడ పక్కటెముకలు పలచన కాబట్టి పదునున్న బాణం ములికి వాటిని కోసుకుని అవతలికి వచ్చేస్తుంది. కొన్ని అంగుళాలు ముందుకు జరిగితే గట్టి ఎముక, వెనక్కి జరిగితే కాలేయం, ఇంకా వెనక్కి పోతే పొట్ట, పేగులు. అందుకే జింక అడ్డంగా నిలబడినప్పుడో, కొంచెం అవతలి వైపుకు తిరిగి ఉన్నప్పుడో మాత్రమే బాణం వదలాలి. మన వైపు తిరిగి నిలబడితే ఎంత దగ్గరున్నా, కొమ్ములు ఎంత పెద్దవైనా వదలకూడదు. మంచె మీద నుంచి వేటాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. జింక మరీ మంచె కిందికి వచ్చాక నిటారుగా కొడితే ఒక ఊపిరితిత్తే తెగుతుంది, రెండోది పనిచేస్తూనే ఉంటుంది, అలాంటి జింక చాలా దూరం పోతుంది, ఒక్కోసారి అసలు దొరకదు.

దూరం కూడా అడగండి. వెలుతురు మసకగా ఉన్నప్పుడు 20 గజాలు అనుకున్నది 30 అయి ఉండొచ్చు. ఆ 30 గజాలు పోవడానికి బాణానికి సెకనులో మూడో వంతు పడుతుంది, విల్లు నారి చప్పుడు మాత్రం సెకనులో పన్నెండో వంతులోనే జింక చెవిలో పడుతుంది. ఆ చప్పుడుకు అది పరుగు అందుకోబోతూ ముందు ఒళ్లు కిందికి కుంగదీస్తుంది. గుండెకు గురిపెట్టిన బాణం వీపు దగ్గర తగిలేది అందుకే, గురి తప్పడం వల్ల కాదు. మన ఆర్చర్ జ్యోతి సురేఖ 50 మీటర్ల దూరంలో పదే పదే పది కొడుతుందంటే అది ఆమె సాధన, కానీ ఆ టార్గెట్ కదలదు, చప్పుడు వినదు. జింక విషయంలో చాలామంది అనుభవజ్ఞులు 20, 25 గజాల్లోనే ఆగిపోతారు, నేను కూడా వాళ్ల పక్షమే.

ఇక బాణం సంగతి. ఎడ్ ఆష్బీ అనే అమెరికన్ 1980లలో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో మొదలుపెట్టి, బాణం జంతువు ఒంట్లో ఎలా దిగుతుందో ఏళ్ల తరబడి పరీక్షించాడు. ఆయన జాబితాలో మొదటిది బాణం విరగకుండా, ములికి వంగకుండా నిలబడటం. రెండోది బాణం తిన్నగా ఎగరడం. బరువు లాంటివి ఆ తర్వాతే వస్తాయి. తోక ఊగుతూ పోయే బాణం తగలగానే పక్కకు ఒరుగుతుంది, దాని బలం కాడ వంగడంలోనే ఖర్చయిపోతుంది. మీ తమ్ముడు చేయాల్సిన పరీక్ష సులువు. ఒక కాగితాన్ని చట్రానికి బిగించి, రెండు మూడు గజాల నుంచి దాని గుండా బాణం వేయాలి. చిన్న రంధ్రం చుట్టూ ఈకల గాట్లు మాత్రమే కనిపిస్తే బాణం తిన్నగా పోతోందన్నమాట. కాగితం ఒక పక్కకు పొడుగ్గా చిరిగితే విల్లు సరిచేయించాలి, లేదా కాడ గట్టిదనం ఆ విల్లుకు కుదరలేదని అర్థం. ఇక్కడే అసలు చిక్కుంది: 70 పౌండ్ల విల్లు కొని పాత బాణాలే వాడితే ఆ కాడలు ఎక్కువ వంగుతాయి, ఇప్పటికంటే అధ్వాన్నంగా ఎగురుతాయి.

పదును గురించి ఎంత చెప్పినా తక్కువే. మొద్దు కత్తి కింద పండిన టమాటా నలుగుతుంది కానీ తొక్క తెగదు, ఒంట్లో రక్తనాళాలు కూడా అంతే, మొద్దు ములికి వాటిని పక్కకు నెట్టేసి పోతుంది. ప్రాక్టీసులో వాడిన ములికి బ్లేడ్లతో వేటకు పోకూడదు. లోపల బ్లేడ్లు ముడుచుకుని ఉండి తగిలినప్పుడు విచ్చుకునే ములుకులు వాడుతున్నాడేమో అడగండి. అవి పెద్ద గాయం చేస్తాయి, నిజమే, కానీ విచ్చుకోవడానికే కొంత బలం తినేస్తాయి, ఏటవాలుగా తగిలితే ఇబ్బంది. కదలని బ్లేడ్లున్న గట్టి ములికి నాకు ఎక్కువ నమ్మకం.

బరువు పెంచాలంటే విల్లు మార్చక్కర్లేదు, బాణం మార్చితే చాలు. అదే విల్లు 500 గ్రెయిన్ల బాణాన్ని సెకనుకు సుమారు 234 అడుగుల వేగంతో వదులుతుందనుకోండి. శక్తి దాదాపు అంతే, కానీ బరువును వేగంతో గుణిస్తే వచ్చే ఊపు 12 శాతం పెరుగుతుంది, అవతలికి దూసుకుపోవడానికి అదే పనికొస్తుంది. విల్లు చప్పుడు కూడా తగ్గుతుంది. బాణం అవతలికి వస్తే రెండు గాయాలు, కిందివైపు గాయం నుంచి రక్తం నేల మీద పడుతుంది, జాడ దొరుకుతుంది.

రాత్రంతా వెతికాడన్నారే, ఆ మాట దగ్గర నాకు బాధేసింది. జింక దొరక్కపోవడానికి ఆ తొందర కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. బాణం తగిలిన చోటికి వెంటనే పరిగెత్తకూడదు. ముందు అది ఏ వైపు పోయిందో గుర్తుపెట్టుకుని, నెమ్మదిగా దిగి, బాణాన్ని, పడిన వెంట్రుకల్ని, నెత్తుటిని చూడాలి. లేత ఎరుపులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్తే సాధారణంగా వంద గజాల లోపే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, కనీసం నాలుగు గంటలు ఆగాలి. బాణానికి పచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పేగులు, అప్పుడు 8 నుంచి 12 గంటలు దాని జోలికి పోకూడదు. గాయపడ్డ జింక దగ్గర్లోనే పడుకుంటుంది, మనం వెంటపడితే లేచి మళ్లీ పరిగెత్తుతుంది, ఆ రెండో పరుగులో నెత్తుటి జాడ కూడా మిగలదు. టెక్సస్ ఎండలకు అంతసేపు ఆగితే మాంసం పాడవుతుందన్న టెన్షన్ ఉంటుంది, అయినా ముందు జంతువు ప్రశాంతంగా ప్రాణం వదలనివ్వాలి. చట్టం ఒప్పుకునే చోట వాసన పట్టే కుక్కను గొలుసుతో తీసుకెళ్లేవాళ్లున్నారు, ఆ సీజన్ మొదలవకముందే అలాంటివాళ్ల ఫోన్ నంబరు తీసిపెట్టుకోమనండి.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి రాస్తున్నాను. తిన్నడి కథ వింటూ పెరిగిన ఊరు మాది. అయినా అడుగుతున్నాను, తుపాకీ ఉండగా బాణంతో చంపడం మరీ క్రూరం కాదా అన్నయ్యా?

జవాబు: బుల్లెట్ తగిలిన చోట చుట్టూ కండను కూడా చితక్కొడుతుంది. బాణం అలా చేయదు, కోస్తుంది, రక్తం పోయి ప్రాణం పోతుంది. రెండు ఊపిరితిత్తులూ తెగితే మెదడుకు రక్తం అందక కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, కొన్ని జింకలు ఏం జరిగిందో తెలియక నాలుగు అడుగులు నడిచి పడిపోతాయి. తప్పుచోట తగిలితే మాత్రం గంటల తరబడి నరకం, మీరు క్రూరం అన్నది అక్కడ అక్షరాలా నిజం. అందుకే నా దృష్టిలో విల్లు పట్టినవాడికి తుపాకీ పట్టినవాడికంటే బాధ్యత ఎక్కువ. రోజూ సాధన చేసే ఓపిక లేనివాడు, నమ్మకం లేని షాట్ వచ్చినప్పుడు చేయి దించలేనివాడు జంతువు మీద బాణం వేయకూడదు, లైసెన్సు ఉన్నా సరే.

ప్రశ్న: పలమనేరు దగ్గర మా వేరుశనగ చేలో అడవి పందులు పడి తవ్వేస్తున్నాయి. ఆన్‌లైన్లో విల్లులు దొరుకుతున్నాయి కదా, వాటితో కొట్టొచ్చా? దుప్పులు కూడా వస్తాయి.

జవాబు: వద్దు. పైన చెప్పిందంతా వేటకు లైసెన్సు ఇచ్చే దేశం సంగతి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని కొట్టినా, పందిని కొట్టినా నేరమే. శేషాచలం కొండల్లోని శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కులో గానీ, మీ పక్కనున్న కౌండిన్య అభయారణ్యంలో గానీ వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. పంటను నాశనం చేసే పందుల విషయంలో అటవీశాఖలో ఆ అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప ఎవరూ చేయి వేయకూడదు. కరెంటు తీగలు, నాటు బాంబులు, ఉచ్చులు అసలే వద్దు, మీ వైపు వాటికి ఏనుగులు, పశువులు, మనుషులు కూడా బలయ్యారు. పంట నష్టానికి పరిహారం అడగొచ్చు. తవ్విన చేను ఫొటోలు ఆ రోజే తీసి, పాస్‌బుక్ నకలు జతచేసి, రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.