కెనరీ చనిపోయిందని పిల్లకి చెప్పాలా, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి భీమవరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తను ప్రాణంగా పెంచుకున్న పసుపు రంగు కెనరీ, పేరు బుజ్జిగాడు, కుళాయి తిప్పితే చాలు పాట అందుకునేవాడు, మొన్న పొద్దున్న చూస్తే పంజరం అడుగున చచ్చి పడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం కూడా దోసకాయ ముక్క తిన్నాడు. వరండాలో దోమల కాయిల్ పెట్టబట్టే పోయాడని మా అత్తగారు, బర్డ్ ఫ్లూ అయ్యుంటుందని పక్కింటివాళ్లు. అమ్మాయి సంక్రాంతికి వస్తుంది. మార్చిలో పరీక్షలు, ఇప్పుడు చెప్తే చదువు పాడవుతుంది, రాజమండ్రి వెళ్లి అచ్చం అలాంటిదే తెచ్చేస్తానని మావారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీవారి రాజమండ్రి ప్రయాణం ఆపించండమ్మా. పిల్ల ఏడిస్తే చూడలేక ఆయన అలా అంటున్నారు, అర్థమవుతోంది, కానీ ఇది రెండు రోజులు కూడా దాగదు. రంగు కలిసినా పాట కలవదు. మగ కెనరీ పాట చాలావరకు విని, సాధన చేసి నేర్చుకునేది, ఏ పిట్ట బాణీ ఆ పిట్టది, పైగా కొత్త చోటికి వచ్చిన పిట్ట బెదిరిపోయి కొన్నాళ్లు నోరే విప్పకపోవచ్చు. మీ అమ్మాయి ఇంటికి రాగానే కుళాయి తిప్పుతుంది కదా, అప్పుడేం చెప్తారు? పిట్ట పోయిన బాధ కన్నా అమ్మానాన్నా కలిసి మోసం చేశారన్న బాధ ఎక్కువకాలం ఉంటుంది.

అందుకని చెప్పేయండి. ఫోన్లో కాదు, పక్కన వార్డెన్ నిలబడి ఉండగా అసలే కాదు. పండక్కి తీసుకురావడానికి ఇద్దరూ వెళ్లండి, బస్సెక్కే ముందే ఎక్కడైనా కూర్చోబెట్టి బుజ్జిగాడు చనిపోయాడని సూటిగా చెప్పండి. ఎగిరిపోయాడని మాత్రం అనొద్దు, పెరట్లో పిట్ట కూత వినిపించినప్పుడల్లా వెతుక్కుంటుంది. ఎక్కడ పాతిపెట్టారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి, తీసుకెళ్లి చూపించండి. పంజరం తను వచ్చేదాకా ఉన్నచోటే ఉంచండి. "పిట్టే కదా" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, చుట్టాల నోటా రాకూడదు. పరీక్షలకి ఇంకా టైం ఉంది, ఏడ్చి తేరుకుంటుంది.

ఇక కాయిల్ సంగతి. పక్షులకి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు కూడా ఉంటాయి, గాలిలో ఉన్న విషం మనకన్నా ముందు వాటికెక్కుతుంది. అందుకే బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీలని వాడారు. పిట్ట ఉన్నచోట కాయిల్, అగరబత్తి, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ మంచివి కావు, నిజమే. కానీ మీది గాలాడే వరండా, అదే చంపిందని ఎవరూ తేల్చలేరు. పట్టుమని పాతిక గ్రాములుండని ఈ పిట్టలు జబ్బుని పైకి కనిపించనివ్వవు, నీరసంగా ఉన్నదాన్నే వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది గనక చివరిదాకా తింటూ తిరుగుతూనే ఉంటాయి. పాతిపెట్టకముందే పశువుల డాక్టరు కోసి చూసుంటే ఏమైనా తెలిసేదేమో, ఇప్పుడా దారి లేదు. అత్తగారితో ఆ వాదన ఇంక వద్దు, ముఖ్యంగా పిల్ల ముందు.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లకి బర్డ్ ఫ్లూ అని తేలినప్పటినుంచి మనవైపు ఏ పిట్ట రాలినా అదే భయం. పంజరంలో ఒక్కటి పోయినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. పెరట్లో కోళ్లో, చుట్టుపక్కల కాకులో వరసగా చస్తుంటే మాత్రం ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఇంకో పిట్టంటారా, పరీక్షలయ్యాక, అదీ అమ్మాయి అడిగితేనే. పంజరం, గిన్నెలు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో బాగా ఆరబెట్టండి. ఆడవి పెద్దగా పాడవు, కాబట్టి కొనేముందు పాడుతుండగా వినండి. షాపువాడు రామచిలకని చూపించి చవగ్గా ఇస్తానంటే వద్దనండి, దాన్ని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.