పిల్లలకు లాక్రోస్ డిఫెన్స్: ముందు స్టిక్‌లు పక్కన పెట్టించండి

అన్నా, గచ్చిబౌలిలో మీరు లాక్రోస్ (చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి విసిరే ఆట) నేర్పే ఎనిమిదేళ్ల పిల్లలంతా బంతి మీదకే ఉరుకుతున్నారని, స్టిక్‌లు ఊపేస్తున్నారని రాశారు కదా. కొన్ని రోజులు డిఫెన్స్‌కు స్టిక్‌లే ఇవ్వకండి. ఇద్దరిద్దరిని నిలబెట్టండి. ఒకరు గోల్ వైపు పరుగెత్తాలి, రెండోవారు ఎప్పుడూ వాళ్లకీ గోల్‌కీ మధ్యలోనే ఉండాలి. మోకాళ్లు వంచి, కాళ్లు మెలికపడకుండా పక్కకు జరగాలి. చూపు మాత్రం ఎదుటివాడి నడుము మీదే! తల, భుజం, స్టిక్ అన్నీ మోసం చేస్తాయి, నడుము చెయ్యదు. కబడ్డీ ఆడే పిల్లలకు ఇది తొందరగా పట్టుబడుతుంది. బంతి లాక్కోనక్కర్లేదు, ఎదుటివాణ్ణి గోల్ ముందుకు రానీయకుండా పక్కకు మళ్లిస్తే చాలు.

తర్వాత స్టిక్ ఇచ్చి, పైకెత్తి పట్టుకోమనండి, పాస్ దారి మూసుకుంటుంది. స్టిక్‌తో కొట్టడం ఇప్పుడే నేర్పొద్దు, కాళ్లు కదపడం మానేస్తారు. "బంతి నాది" (అంటే బంతి ఉన్నవాణ్ణి నేను ఆపుతా), "వెనక నేనున్నా" అని గట్టిగా అరవడం మాత్రం మొదటి రోజే అలవాటు చేయండి. గుంపుగా ఉరకడం దాంతోనే తగ్గుతుంది.