మృదంగం, స్టైపెండు, ఫ్రెంచి: అమ్మడికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. భరతనాట్యం వచ్చు కాబట్టి ఫారిన్ సర్వీసులో చేరి సాంస్కృతిక సంబంధాల వైపు వెళ్తానన్నావు. మీ నాన్న టెన్షన్ పడుతున్నాడు, నాకైతే ఏమీ లేదు. కాకపోతే ఒక మాట. ఈ ఉద్యోగంలో నాట్యం చేసేది వేరేవాళ్లు. వాళ్ల సామాను కస్టమ్స్ నుంచి బయటికి తెచ్చేది నువ్వు.

నవ్వులాటకి అనడం లేదు. నేను మన రాయబార కార్యాలయంలో సెకండ్ సెక్రటరీగా ఉన్న ఒక విదేశీ ఊళ్లో మన నాట్య బృందం దిగింది. మృదంగానికి తోలు ఉంటుంది కదా, దానికి కాగితాలేవని విమానాశ్రయంలో ఆపేశారు. ఆ సంగతి ముందే కనుక్కోవాల్సింది నేనే. సాయంత్రం అక్కడి మంత్రిగారు ముందు వరసలో కూర్చున్నారు, మన అమ్మాయి రికార్డు పాటకి ఆడింది. చప్పట్లు బాగానే పడ్డాయి. మృదంగం వాయించాల్సిన ఆయన మాత్రం రాత్రి భోజనానికి రాలేదు. ఇప్పటికీ చెన్నై మైలాపూరులో ఎదురుపడితే ముందు నేనే నమస్కారం పెడతాను.

చదువుల పని ఇంకా చప్పగా ఉంటుంది. నన్నడిగితే అసలు పని అదే. మన స్కాలర్‌షిప్ మీద ఇక్కడికి వచ్చే విదేశీ పిల్లల దరఖాస్తులు, వీసాలు, హాస్టల్ గొడవలు, ఆలస్యమైన స్టైపెండు. హమీద్ కర్జాయ్ సిమ్లాలో హిమాచల్ ప్రదేశ్ యూనివర్సిటీలో ఎం.ఏ. చదివాడు, తర్వాత అఫ్గానిస్తాన్ అధ్యక్షుడయ్యాడు. విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఆ సంగతి ఎవరికి తెలుసు? స్టైపెండు రాలేదని ఏ పిల్లాడు ఉత్తరం రాసినా ఆ వారంలోనే జవాబు వెళ్లాలి. ఇదొక్కటి పాటించినా చాలు.

ఇంకోటి, జీవితమంతా సంస్కృతిలోనే ఉంటాననుకోకు. యూపీఎస్సీ రాసి, ముస్సోరీ, ఢిల్లీ శిక్షణలు ముగించి, నీకు కేటాయించిన భాష నేర్చుకున్నాక, ఒకచోట వీసాలు, ఒకచోట వాణిజ్యం, ఒకచోట రాజకీయం చూడాల్సిందే. రాయబార కార్యాలయం చేయాల్సిన పనుల్లో సాంస్కృతిక సంబంధాలు పెంచడం ఒకటని 1961 నాటి వియన్నా ఒప్పందంలోనే రాసి ఉంది. అయినా రాజకీయ విభాగం వాళ్లు మనని వేడుకల వాళ్లుగానే చూస్తారు. నాకు కోపం వచ్చేది, తర్వాత అలవాటైంది. 1950లో మౌలానా ఆజాద్ పెట్టిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అంటే ఐసీసీఆర్‌లో పెద్ద కుర్చీ దాకా వెళ్లాలంటే ఈ తిరుగుళ్లన్నీ తప్పవు.

పరీక్ష దాటలేకపోతే దారి మూసుకుపోయినట్టేనని మీ నాన్న అనుకుంటున్నాడు. నాటకాలు రాసిన గిరీష్ కర్నాడ్ ఏ సర్వీసు మనిషి? లండన్‌లో మన సాంస్కృతిక కేంద్రమైన నెహ్రూ సెంటర్‌కి డైరెక్టరుగా వెళ్లారు. వేలూరులో పుట్టిన మాల్కం ఆదిశేషయ్య మన తాంబరం క్రిస్టియన్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఆయన ఐక్యరాజ్యసమితి వారి విద్యా, సాంస్కృతిక సంస్థ యునెస్కోలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా ఎదిగి, తిరిగొచ్చి 1971లో అడయారులో ఎంఐడీఎస్ అనే అభివృద్ధి అధ్యయన సంస్థ పెట్టారు. సర్వేపల్లి వారిని మాస్కోకి రాయబారిగా పంపింది కూడా పరీక్ష పెట్టి కాదు. నువ్వు రోజూ బస్సులో వెళ్లే రాధాకృష్ణన్ సాలై ఆయన పేరే, ఒకప్పుడది ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు. వీళ్లందరి చేతిలో ముందే ఒక విద్య ఉంది. నీకూ ఒకటి గట్టిగా ఉండాలి. నాట్యమైతే నాట్యం, కానీ దాని గురించి పది పేజీలు తప్పుల్లేకుండా రాయగలగాలి.

ఫ్రెంచి మొదలుపెట్టు. యునెస్కోలో రోజువారీ పని ఇంగ్లీషు, ఫ్రెంచిలలోనే నడుస్తుంది. నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, మీ ఇంటి నుంచి దూరమేమీ కాదు.

ఈ మార్గళికి, అదే డిసెంబరు కచేరీల సీజనుకి, టికెట్టు కొనుక్కుని కచేరీ చూడకు. కచేరీలు పెట్టే ఏదైనా సభలో వాలంటీరుగా చేరి వేదిక వెనక ఉండు. తంబురా ఎవరు మోస్తారు, మైకు పాడైతే ఎవరు పరుగెత్తుతారు, కళాకారులకి కాఫీ ఎప్పుడు అందుతుంది, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకో. జనవరిలో మాంబళం వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకురా, చూస్తాను.

పెదనాన్న