మరిది కోసమని వచ్చి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారు: వారెంట్ లేని పోలీసులను ఇంట్లోకి రానివ్వాలా?

ప్రశ్న: మాది చిత్తూరు వైపు ఒక చిన్న ఊరు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా ఆయనకు వారం విడిచి వారం నైట్ షిఫ్టు. పోయిన వారం ఒక రాత్రి పదిన్నరకు నలుగురు వచ్చి తలుపు కొట్టారు. ఇంట్లో నేను, 68 ఏళ్ల మా అత్తగారు, చంటిపాప మాత్రమే ఉన్నాం. వచ్చినవాళ్లలో ఒకరే యూనిఫాంలో ఉన్నారు, మిగతావాళ్లు మఫ్టీలో. ఊళ్లో మా మరిది నడిపిన చిట్టీల మీద చీటింగ్ కేసు పెట్టారట, అతను మా దగ్గర దాక్కున్నాడేమో చూడాలన్నారు. వారెంట్ ఉందా అని అడిగితే, "సినిమాలు ఎక్కువ చూస్తావా అమ్మా" అని నవ్వారు. కింద ఉండే ఓనర్ "తీసెయ్యండి, గొడవెందుకు" అంటే తీశాను. అన్ని గదులూ చూశారు, బీరువా తీయించి వెతికారు. మరిది లేడు. పోతూ పోతూ మా ఆయన సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. అత్తగారిని స్టేషన్‌కు తీసుకురమ్మని చెప్పి వెళ్లారు. అప్పటినుంచి కాలింగ్ బెల్ మోగితే టెన్షన్. మళ్లీ వస్తే వద్దనవచ్చా? ల్యాప్‌టాప్ ఎలా తెచ్చుకోవాలి?
- ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: మీరు తలుపు తీసి తప్పేమీ చేయలేదమ్మా. మీ మరిది లోపల ఉన్నాడని నమ్మడానికి వాళ్ల దగ్గర సరైన కారణం ఉండి ఉంటే, గదులన్నీ చూడటం కూడా చట్టం ఒప్పుకునేదే. వాళ్లు గీత దాటింది బీరువాలో వస్తువులు వెతికిన దగ్గర. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా దాటేశారు.

వారెంట్ లేనిదే పోలీసు గడప దాటకూడదని చాలామంది నమ్మకం. మన చట్టంలో అలా లేదు. పోలీసులు, కోర్టులు కేసులు నడిపే పద్ధతి చెప్పే 1973 నాటి సీఆర్‌పీసీ పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పాత చట్టంలోనైనా, కొత్త చట్టంలోనైనా వారెంట్ లేకుండా ఇంట్లోకి రాగలిగే సందర్భాలు చాలానే ఉన్నాయి. అందుకే గుమ్మం దగ్గర మీరు మొదట అడగాల్సింది వారెంట్ గురించి కాదు. "మీరు మనిషి కోసం వచ్చారా, వస్తువు కోసం వచ్చారా, ఊరికే విచారణకు వచ్చారా?" అని అడగాలి. ఈ మూడింటికీ రూల్స్ వేరు.

మనిషి కోసం వస్తే ఈ సురక్షా సంహితలోని 44వ సెక్షన్ వర్తిస్తుంది. అరెస్టు చేసే అధికారం ఉన్న పోలీసు, ఆ మనిషి ఈ ఇంట్లో ఉన్నాడని నమ్మడానికి కారణం ఉండి అడిగితే, ఇంట్లోవాళ్లు రానివ్వాలి, వెతకడానికి వీలు కల్పించాలి. మోసంతో డబ్బు రాబట్టే చీటింగ్ వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరం కాబట్టి మీ మరిది కేసులో వారెంట్ అక్కర్లేదు. మీరు తీయకపోతే తలుపు పగలగొట్టే అధికారం కూడా అదే సెక్షన్ ఇస్తుంది. కానీ దానికి ముందు తామెవరో, ఏ అధికారంతో, ఏ పని మీద వచ్చారో చెప్పి, లోపలికి రానివ్వమని అడిగి ఉండాలి. అంటే మీరు అడిగిన ప్రశ్నకు నవ్వడం జవాబు కాదు. ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు చెప్పడం వాళ్ల పని.

అయితే మనిషిని వెతకడం అంటే మనిషి పట్టే చోట వెతకడం. మంచం కింద, బాత్రూమ్, అటక, తలుపులున్న పెద్ద అల్మరా చూడొచ్చు. చీరల మడతల్లో, నగల పెట్టెలో మరిది ఉండడు కదా.

వస్తువు కోసం వస్తే 185వ సెక్షన్. దీని కింద కూడా వారెంట్ లేకుండా సోదా చేయవచ్చు, కానీ షరతులు గట్టివి. దర్యాప్తుకు అవసరమైన ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి కారణం ఉండాలి. వారెంట్ తెచ్చుకునేంత ఆలస్యం జరిగితే అది దక్కదని కూడా అనిపించాలి. ఆ కారణాలు, వీలైనంతవరకు ఆ వస్తువు ఏమిటన్నది, సోదాకు ముందే కేస్ డైరీలో, అంటే దర్యాప్తు వివరాలు రాసే పుస్తకంలో, రాసుకోవాలి. ఆ రాతల కాపీని 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇంట్లో ఉండేవాళ్లు అర్జీ పెట్టుకుంటే మేజిస్ట్రేట్ దగ్గర నుంచి దాని కాపీ ఉచితంగా వస్తుంది. ఈ ఆఖరి హక్కు సంగతి చాలామందికి తెలియదు, వాడుకునేవాళ్లు ఇంకా తక్కువ. మీరు వాడుకోండి. కారణాలు ముందు రాయకుండా వచ్చి ఉంటే ఆ అర్జీతోనే బయటపడుతుంది.

ఇక సోదా ఎలా జరగాలన్నది 103, 105 సెక్షన్లు చెబుతాయి. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషులను సాక్షులుగా పిలవాలి. వెతుకుతున్నంతసేపూ ఇంట్లోవాళ్లను పక్కన ఉండనివ్వాలి. తీసుకున్న ప్రతి వస్తువూ ఎక్కడ దొరికిందో జాబితా రాసి, సాక్షుల సంతకాలు పెట్టించి, ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి. మన ఊళ్లో దీన్నే పంచనామా అంటాం, కర్ణాటకలో మహజర్ అంటారు. ఆడవాళ్ల ఒంటి మీద వెతకాల్సి వస్తే ఆడవాళ్లే వెతకాలి. కొత్త చట్టం తెచ్చిన అసలు మార్పు ఏమిటంటే, ఈ సోదా అంతా, జాబితా రాయడంతో సహా, వీడియో తీయాలి. ఆ వీడియోను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. మీరు చెప్పినదాన్ని బట్టి సాక్షులు లేరు, జాబితా లేదు, వీడియో తీసిన జాడ లేదు. "తీసెయ్యండి" అన్న ఓనర్‌నైనా పైకి పిలిచి సాక్షిగా నిలబెట్టి ఉండాల్సింది వాళ్లు.

మూడోది ఊరికే విచారణ. పాస్‌పోర్ట్ వెరిఫికేషన్, అద్దెకున్నవాళ్ల వివరాలు, పక్కింటి గొడవ మీద రెండు మాటలు, ఇలాంటివి. వీటికి లోపలికి రానివ్వాల్సిన పని లేదు. గుమ్మంలో నిలబడి మర్యాదగా మాట్లాడి, కాగితాలు చూపించి పంపవచ్చు. ఎండలో వచ్చిన కానిస్టేబుల్‌కు కుర్చీ వేసి మంచినీళ్లిస్తే అది మీ మంచితనం. దాంతో ఇల్లు వెతికే హక్కు మాత్రం వచ్చేయదు.

రాత్రి సంగతి కూడా చెబుతాను. రాత్రిపూట సోదా చేయకూడదని సురక్షా సంహితలో మొత్తంగా నిషేధం లేదు. మాదకద్రవ్యాల చట్టంలో మాత్రం సూర్యాస్తమయం తర్వాత వారెంట్ లేకుండా ఇంట్లోకి రావాలంటే, వారెంట్ కోసం ఎందుకు ఆగలేకపోయారో ముందుగా రాసుకోవాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్లను అరెస్టు చేయకూడదన్నది అరెస్టుకు సంబంధించిన రూలు. చాలా అరుదైన పరిస్థితుల్లో, అదీ మహిళా అధికారి మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకుంటే తప్ప కుదరదు. ఇక ఏ కేసూ లేకుండా, నిఘా పేరుతో రాత్రిళ్లు తలుపు తట్టే అలవాటును సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది. ఆ తీర్పుకు ఇన్నేళ్లు దాటినా అలవాటు పూర్తిగా పోలేదు, అది వేరే సంగతి.

అత్తగారిని స్టేషన్‌కు తీసుకెళ్లకండి. 179వ సెక్షన్ ప్రకారం సాక్షిగా ప్రశ్నించాలంటే ఏ వయసు ఆడవాళ్లనైనా వాళ్లుండే చోటే ప్రశ్నించాలి, స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. మగవాళ్లలో 15 ఏళ్ల లోపు, 60 దాటినవాళ్లకూ ఇదే రక్షణ. "నోటీసు రాసి పంపండి, ఇంటికి వచ్చి అడగండి, చెబుతాం" అంటే సరిపోతుంది.

అడిగితే నిజమే చెప్పండి. మరిది ఎక్కడున్నాడో తెలిసీ తెలియదనడం, వచ్చినప్పుడు దాచిపెట్టడం మీ మీదికే వస్తుంది. నేరస్తుడికి ఆశ్రయం ఇవ్వడం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్ కింద నేరం. అందులో మినహాయింపు భార్యాభర్తలకే ఉంది, అన్నకూ వదినకూ తల్లికీ లేదు. ప్రేమ కొద్దీ ఇక్కడే చాలా కుటుంబాలు ఇరుక్కుంటాయి. మీ మరిదికి మీరు చేయగల సాయం, లాయర్‌ను పెట్టుకుని ముందస్తు బెయిలుకు వెళ్లమని చెప్పడం. అతను కర్ణాటకలో ఉంటే, ఆంధ్రా కోర్టుకు వెళ్లేలోపు పరిమిత కాలానికి ఇక్కడి కోర్టునే అడగవచ్చని 2023లో ప్రియా ఇందోరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా మోసం కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసైతే, నేరుగా అరెస్టు చేయకుండా సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద హాజరు నోటీసు ఇవ్వడమే మామూలు పద్ధతి. అరెస్టు తప్పదనుకుంటే ఎందుకో రాయాలి.

ఇప్పుడు ల్యాప్‌టాప్. మొదట ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, కాబట్టి ఆన్‌లైన్‌లోనే దొరకొచ్చు. ల్యాప్‌టాప్ బిల్లు, సీరియల్ నంబరు వెతికి పెట్టుకోండి. బిల్లు పోతే కొన్న ఆన్‌లైన్ ఖాతాలో ఉంటుంది. మీ బిల్డింగ్‌లోనో ఎదురు షాపులోనో సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రి ఫుటేజీ ఇవాళే కాపీ చేయించండి, పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కేస్తుంది. ఆపైన మీ ఆయన పేరుతో దర్యాప్తు అధికారికి, కేసు ఉన్న జిల్లా ఎస్పీకి లెటర్ రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ వస్తువు, జాబితా ఇవ్వకుండా తీసుకెళ్లారో ఉంటే చాలు. తిట్లూ ఆవేదనా అక్కర్లేదు.

స్వాధీనం చేసుకున్న వస్తువు గురించి పోలీసులు వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలపాలి. తెలిపి ఉంటే, కేసు నడుస్తున్న కోర్టులో తాత్కాలికంగా అప్పగించమని పిటిషన్ వేయవచ్చు. తెలపకపోయి ఉంటే మీ పిటిషన్ చూసి కోర్టే వాళ్లను అడుగుతుంది. వేరే స్టేషన్ పరిధిలో సోదా చేసినందుకు కె.ఆర్.పురం ప్రాంతపు స్టేషన్‌కు కూడా వాళ్లు వెంటనే నోటీసు, జాబితా కాపీ పంపి ఉండాలి. అక్కడికి వెళ్లి, వచ్చిందా అని అడగండి. పాస్‌వర్డ్ అడిగితే ఫోన్లో చెప్పేయకండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తెరిచి చూడాలంటే అత్యవసరమైతే తప్ప కోర్టు నుంచి సెర్చ్ వారెంట్ ఉండాలని 2021లో కర్ణాటక హైకోర్టు ఒక డ్రగ్స్ కేసులో చెప్పింది. "లాయర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా జవాబిస్తాం" అనండి.

ఒక చేదు నిజం కూడా తెలిసి ఉండాలి. సోదా అక్రమంగా జరిగినంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదు. 1973లో పూరన్‌మల్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే మాట మీద ఉంది. పద్ధతి తప్పిన సోదాను కోర్టు అనుమానంగా చూస్తుంది, కానీ విసిరి పారేయదు. కాబట్టి "వారెంట్ లేదు, కేసు ఎగిరిపోతుంది" అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి.

మళ్లీ బెల్ మోగితే గ్రిల్ గేటు, చైన్ తీయకుండానే మాట్లాడండి. ఐడీ కార్డు చూపించమనండి, పేరు, స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు రాసుకోండి. అనుమానం వస్తే 112కు ఫోన్ చేసి, "పోలీసులమంటూ ఇంత రాత్రి వచ్చారు, నిజమా" అని అడగండి. ఈమధ్య నకిలీ పోలీసుల దోపిడీలు వింటూనే ఉన్నాం కాబట్టి అలా అడిగినందుకు నిజమైన పోలీసు కోప్పడకూడదు. కన్నడ రాకపోతే తెలుగులోనే మాట్లాడండి, బెంగళూరు పోలీసుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు బోలెడుమంది. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, కాకపోతే కెమెరా ముఖం మీదికి నెట్టి రెచ్చగొట్టవద్దు. నిజమైన పోలీసులని తేలి, మనిషి కోసమే వచ్చామంటే తలుపు తీయండి. వస్తువుల జోలికి వెళితే, "దీనికి నేను ఒప్పుకోవడం లేదు సార్, తీసుకుంటే జాబితా ఇవ్వండి" అని గట్టిగా, రికార్డయ్యేలా అనండి. అంతవరకే. అడ్డంగా నిలబడటం, చెయ్యి పట్టుకోవడం, వస్తువు లాక్కోవడం చేస్తే విధులకు ఆటంకం కింద మీ మీదే కొత్త కేసు పడుతుంది. అప్పుడు మీ న్యాయమైన ఫిర్యాదు వెనకబడిపోతుంది. జాబితా ఇస్తే చదవకుండా సంతకం పెట్టవద్దు. ఖాళీ కాగితం మీద అసలు పెట్టవద్దు.

లాయర్ ఫీజు గురించి వెనకాడుతుంటే, న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. కేసు ఆంధ్రాలో ఉంది కాబట్టి పిటిషన్ వేయడానికి అక్కడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను అడగండి. ల్యాప్‌టాప్ మీ ఆయనది కనుక పిటిషన్ ఆయన పేరు మీదే పడాలి. సోదాకు కారణాలు రాసిన కాపీ కోసం మేజిస్ట్రేట్‌కు పెట్టే అర్జీ మాత్రం ఆ రాత్రి ఇంట్లో ఉన్న మీ పేరుతోనే పెట్టండి.