మీ ఊరి ఇటాలియన్ రెస్టారెంట్ గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఇంటి దగ్గరి ఇటాలియన్ రెస్టారెంట్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆ చోటంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. శుక్రవారం వస్తే ఇంట్లో పొయ్యి వెలగదని మీ అమ్మే చెప్పింది. కానీ ఆ ఇష్టం ఇంకా కాగితం మీదికి రాలేదమ్మా. ‘అద్భుతమైన రుచి’, ‘నోరూరించే పాస్తా’, ‘ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది’ అన్నావు. ఈ మాటలు న్యూజెర్సీలో ఏ హోటలుకైనా అతుకుతాయి. మీ హోటలుకే చెల్లే మాటలు కావాలంటే, అక్కడ కంటికి కనిపించే ప్రతిదాన్నీ ‘ఎందుకిలా?’ అని అడిగి చూడాలి.

వైన్ సంగతే తీసుకో. ‘సీసా మనమే తీసుకెళ్లొచ్చు, ఎంత మంచివాళ్లో’ అని రాశావు. మంచివాళ్లే, కాదనను. కానీ అసలు కారణం లైసెన్సు. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఊరి జనాభాలో ప్రతి 3,000 మందికి ఒక్క బార్ లైసెన్సే ఇస్తారు. అందుకే చాలా ఊళ్లలో ఒక లైసెన్సు చేతులు మారాలంటే లక్షల డాలర్లు పలుకుతుంది. పది పదిహేను టేబుళ్ల హోటలు అంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తుంది? పక్క టేబుల్ పెద్దాయన కాగితం సంచిలోంచి సీసా తీయడం, వెయిటర్ వచ్చి బిరడా లాగి గ్లాసులు పెట్టడం, నీకంత నచ్చిన ఆ చనువంతా ఆ చట్టంలోంచి పుట్టిందే. ఇంకో సంగతి కూడా ఉంది. మద్యం మీద వచ్చే లాభం లేదు కనక ఆ హోటలు కేవలం వంట మీదే బతకాలి. ఇది తెలిసిన పాఠకుడు నీ పాస్తా ప్లేటును వేరే కళ్లతో చూస్తాడు.

వంకాయ పార్మ్ గురించి ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకైతే వ్యాసమంతా దాని మీదే నడవాలనిపించింది. వంకాయను చక్రాలుగా తరిగి, గుడ్డు సొనలో ముంచి, బ్రెడ్ పొడి అద్ది వేయించి, మరినారా అనే టొమాటో సాసూ మొజరెల్లా చీజూ పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెడతారు. దక్షిణ ఇటలీలో నేపుల్స్, సిసిలీ వైపు చాలా ఇళ్లలో ఆ బ్రెడ్ పొడి ఉండదు. 1880 నుంచి 1924 దాకా అమెరికా వచ్చిన 40 లక్షల పైచిలుకు ఇటాలియన్లలో ఎక్కువమంది ఆ దక్షిణాది పేదలే. అక్కడ పండక్కి తప్ప మాంసం ఎరగనివాళ్లకు ఇక్కడ మాంసం, చీజ్ అందుబాటులోకి వచ్చాయి. వంకాయ స్థానంలో కోడిమాంసం పెట్టి చికెన్ పార్మ్ చేశారు. ఇటలీలో విడిగా వడ్డించే మీట్‌బాల్స్ ఇక్కడ పెద్దవై స్పగెట్టీ మీదికెక్కాయి. ‘ఇది అసలు ఇటాలియనే కాదు’ అని తీసిపారేసేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. వాళ్ల మాట పట్టించుకోకు. ఇది వలస వచ్చినవాళ్ల వంట. ఇక్కడ మనవాళ్ల హోటళ్లుండే ఓక్ ట్రీ రోడ్డులో మనం తినే ఇడ్లీ, దోసెలు మన మనవల నాటికి ఎలా మారతాయో ఒక్కసారి ఊహించు, ఆ వంట మీద గౌరవం దానంతటదే వస్తుంది.

రిసొట్టో అనే బియ్యం వంటకాన్ని పొంగలి అనీ, లోపల కూరిన పాస్తా రవియోలీని కజ్జికాయ అనీ అన్నావు. రెండూ కొట్టేయ్. రిసొట్టోలో చుట్టూ ఎంత జారుగా ఉన్నా గింజ నడుమ కాస్త పలుకు మిగలాలి. పొంగలి అన్నాక పాఠకుడికి ఆ పలుకు ఎన్నటికీ తెలియదు. నాలుక మీద ఏం జరిగిందో అదే రాయి. గుంటూరులో కూర్చుని చదివే మనిషి ఊహించుకోగలడు, ఆ నమ్మకం పెట్టుకో.

మన పాఠకుల్లో శాకాహారులు ఎక్కువ. ఇటాలియన్ హోటల్లో భయం లేదనుకుంటారు. కానీ పార్మిజానో రెజ్జానో చీజ్ కోసం పాలను దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ అనే పదార్థంతో విరగ్గొడతారు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంచొవీ చేప ఉంటుంది. మినెస్ట్రోనీ సూప్‌ను మాంసం ఉడికించిన నీళ్లతో కాచేవాళ్లున్నారు. వంకాయ పార్మ్‌లో గుడ్డు సంగతి పైన చెప్పాను. మీ నాయనమ్మ వచ్చినప్పుడు ఏం అడిగారు, వెయిటర్ వంటగదిలోకి వెళ్లొచ్చి ఏం చెప్పాడు, ఆవిడ చివరికి ఏం తిన్నది? నీ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే కావచ్చు. ఒక పేజీ పట్టినా సరే, రాయి.

గోడ మీద నేపుల్స్ ఫొటో ఉంది కదా అని వండేవాళ్లంతా ఇటాలియన్లనుకోకు. ఈ చుట్టుపక్కల పిజ్జా హోటళ్లు ఎన్నింటినో అల్బేనియన్లు నడుపుతున్నారు. వంటగదుల్లో మెక్సికో, ఈక్వడార్ నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. మంగళవారం సాయంత్రం ఐదింటికి, జనం రాకముందు వెళ్లు. మాట కలుపు. కానీ వాళ్లు నమ్మకంతో చెప్పుకున్న ఇంటి సంగతులు అడక్కుండా అచ్చులో పెట్టకు. రేపు నువ్వు మళ్లీ ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలి. అంతకన్నా ముందు, వాళ్ల కష్టం వాళ్లది, నీ వ్యాసానికి సరుకు కాదు.

తిరగరాసి నెలాఖరుకి పంపు. పాస్తా ఫొటోలు మాత్రం వద్దు.

అన్నట్టు, నువ్వింకా ట్రెంటన్ ఊరి ‘టొమాటో పై’ అనే పిజ్జా రుచి చూడలేదన్నావు. చీజ్ కింద వేసి టొమాటో పైన వేస్తారు. ట్రెంటన్‌లో 1912లో మొదలైన పాపాస్ అనే హోటలు ఇప్పుడు రాబిన్స్‌విల్‌లో ఉంది. శనివారం అమ్మనీ నాన్ననీ తీసుకుని బయల్దేరు, నేను అక్కడికే వచ్చేస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి