ట్యానింగ్ చేసిన తోలులో డీఎన్‌ఏ మిగులుతుందా? అది జింకదో మేకదో తేలుతుందా?

మీరు అడిగింది ఇది: కర్నూలు దగ్గర ఒకరింట్లో దొరికిన తోలు కృష్ణజింకదని అటవీ శాఖ వాళ్లు, మేకదని ఇంటాయన అంటున్నారు. తోలును ఊనేశారు (ట్యానింగ్ చేసేశారు), వెంట్రుక ఒక్కటీ లేదు. డీఎన్‌ఏతో సంగతి తేలుతుందా?

చాలాసార్లు తేలుతుంది. తోలును దేంతో ఊనారు, పరీక్షకు ముక్క ఎక్కడ కోశారు అన్నవే అసలు ప్రశ్నలు. మాది అనంతపురం. హైదరాబాద్‌లో వన్యప్రాణి నమూనాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చినవి తోళ్లే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వెంట్రుకలు ఊడదీయడానికి తోలును సున్నంలో నానబెడతారు. ఆ తర్వాత ఉప్పు, ఆమ్లం. ఆపైన తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ లాంటివో, లేదంటే క్రోమియం లవణమో పట్టిస్తారు. ఇంత జరిగినా డీఎన్‌ఏ పూర్తిగా పోదు, చిన్న చిన్న ముక్కలుగా తెగిపోతుంది. అందుకే కణకేంద్రకంలోని డీఎన్‌ఏ కోసం కాకుండా మైటోకాండ్రియాలోని దాని కోసం చూస్తాం. మొదటిది కణానికి రెండు ప్రతులే ఉంటుంది, రెండోది వందల్లో, వేలల్లో ఉంటుంది కాబట్టి ఎక్కడో ఓ చోట చదవగలిగిన ముక్క దొరుకుతుంది.

జాతిని గుర్తించడానికి ఎక్కువగా చదివేది సైటోక్రోమ్ బి అనే జన్యువు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రైమర్లు, అంటే చదవాల్సిన చోటును గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అందులో సుమారు 472 డీఎన్‌ఏ అక్షరాల భాగాన్ని పట్టుకుంటాయి. పచ్చి మాంసానికి అవి చక్కగా పనిచేస్తాయి. బాగా ఊనిన తోలులో మాత్రం అంత పొడవున్న ముక్క దొరకడం కష్టం. 100 నుంచి 200 అక్షరాల ముక్కలతో సరిపెట్టుకోవాలి. జన్యువులో సరైన చోటు ఎంచుకుంటే మేకను, కృష్ణజింకను విడదీయడానికి అది చాలు.

చెక్కతో ఊనిన తోలుది ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. దాన్ని సన్నగా తరిగి, ప్రొటీనేజ్ కె అనే ఎంజైమ్ కలిపి, 56 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. పొద్దున చూస్తే ట్యూబులో కాఫీ డికాషన్ లాంటి ద్రవం ఉంటుంది. ఆ రంగు టానిన్లది, అంటే చెక్కలోంచి తోలుకు పట్టే వగరు పదార్థాలది. డీఎన్‌ఏ ఉన్నా సరే, అవి పీసీఆర్‌ను, అంటే డీఎన్‌ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పనిని, జరగనివ్వవు. ఫలితం రాలేదని కొత్తవాళ్లు ఇంకాస్త ఎక్కువ ద్రవం పోస్తారు, దాంతో టానిన్లూ పెరుగుతాయి. పది రెట్లు పల్చన చేస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. టానిన్లను అణచడానికి బీఎస్ఏ అనే ప్రోటీన్ కూడా కలుపుతారు. అది ఆవు రక్తం నుంచి తీసేది. కేసు ఆవు తోలుకు సంబంధించినదైతే ఆ సీసాలోంచే ఆవు డీఎన్‌ఏ వచ్చే ప్రమాదం ఉంది. అందుకే తోలు వేయని ఖాళీ ట్యూబు ఒకటి మొదటి నుంచి చివరి వరకూ పక్కనే నడవాలి. క్రోమియం లవణంతో ఊనిన క్రోమ్ తోలు నీలంగా ఉంటుంది, అది ఇంకా మొండిది. మర్నాడు చూసినా నీలి ముక్క నీలి ముక్కగానే ఉంటుంది, ఎంజైమ్‌కు కరగదు.

వెంట్రుకలతో ఉన్న తోళ్ల పని చాలా తేలిక. నల్లమల వైపు చిరుతపులి తోలును దాచుకునేవాళ్లు బొచ్చు పోకూడదు కాబట్టి సున్నం జోలికి వెళ్లరు. ఉప్పు, పటిక పట్టించి ఎండబెట్టిన తోలులో వెంట్రుకల కుదుళ్లు ఇంకా అలాగే ఉంటాయి. పాత అనంతపురం జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతీ ఇలాంటిదే. పూర్వం దేవతల బొమ్మలకు జింక తోలు వాడేవారు, ఇప్పుడు వాడేది మేక తోలు. గీకి, ఎండబెట్టి, వెలుతురు పారేలా చేసిన ఆ తోలుకు క్రోమ్ తగలదు కాబట్టి అందులోంచి డీఎన్‌ఏ రావడానికి అవకాశం ఎక్కువ.

డీఎన్‌ఏ చెప్పలేనివి కూడా తెలుసుకోండి. జంతువు ఎప్పుడు చచ్చిందో అది చెప్పదు. "మా తాతల కాలం నాటిది" అన్న వాదనకు జవాబు పత్రాల్లో వెతకాలి. అలాంటి వస్తువుల గురించి ప్రకటన ఇచ్చుకోవడానికి 2003లో ప్రభుత్వం ఒక గడువు ఇచ్చింది. ఆనాడు ఇచ్చారా, యాజమాన్య పత్రం ఉందా అన్నది చూడాలి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఏదో చెప్పదు కాబట్టి అడవిపంది, ఊరపంది తగాదాల్లో దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. ఇక రంగులేసిన కుక్క తోలును పులి తోలని అమ్మేవాళ్లూ ఉన్నారు. అక్కడ రిపోర్టులో కుక్క అని వస్తే వన్యప్రాణి కేసు నిలవదు, మోసం కేసు అవుతుంది.

మీ కేసులో ఇంత పట్టుబట్టడానికి కారణం శిక్ష. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఒక మనిషి జీవితం ఆ ముక్క మీద ఆధారపడినప్పుడు దాన్ని ఎలా కోశారన్నది చిన్న విషయం కాదు. తోలు అంచులు, మెడ దగ్గర మందంగా ఉన్న చోటు, చెవులుంటే చెవులు మంచివి, ఊనే మందు లోపలికంటా ఇంకి ఉండదు. కొత్త బ్లేడు, గ్లౌజులు తప్పనిసరి. పొడి కాగితం కవరులో పెట్టాలి. పాలిథీన్‌లో చెమ్మ చేరి బూజు పడుతుంది.

మీ లాయర్‌గారు ముందు పంచనామా తెప్పించుకుని, ముక్క ఎవరు కోశారో, సీలు ఎవరు వేశారో చూడమనండి. తర్వాత రిపోర్టుతో పాటు ఖాళీ ట్యూబు ఫలితం కూడా అడగండి. అందులో మేక డీఎన్‌ఏ కనిపించిందంటే, మీ తోలులో మేక అని వచ్చినా, జింక మేక రెండూ కలిసి వచ్చినా, ఆ పరీక్ష మళ్లీ చేయించమని కోరవచ్చు.